మూసిన దారికి డబ్బులెందుకు?

పోయిన వారం చిత్తూరు నుంచి ఒక కుర్రాడు ఫోన్ చేశాడు. కేబుల్ లాగడం, క్రింపింగ్ చేయడం నా దగ్గరే నేర్చుకున్నవాడు. ఇప్పుడు అక్కడొక విద్యాసంస్థలో నెట్‌వర్క్ మొత్తం వాడే చూసుకుంటున్నాడు. "న్నా, నెలరోజుల్నించి ల్యాబులో సిస్టాలు ఆన్ చేస్తే ఐపీ రాలేదని ఒకటే గోల. నిన్న స్విచ్చుల్లో ఎస్‌టీపీ తీసేసినా. ఇప్పుడు ఆన్ చేస్తానే నెట్ వచ్చేస్తా ఉంది. బలే ఉండాది న్నా" అన్నాడు.

తిట్టాలని నోటిదాకా వచ్చింది కానీ తిట్టలేకపోయాను. వాడు చెప్పింది నిజం. ఎస్‌టీపీ అంటే స్పానింగ్ ట్రీ ప్రోటోకాల్: కంప్యూటర్లను కలిపే స్విచ్చుల మధ్య తీగలు గుండ్రంగా చుట్టుకుంటే ఒక దారిని మూసి పెట్టే ఏర్పాటు. దాన్ని తీసేస్తే ఐపీ, అంటే నెట్‌వర్క్‌లో కంప్యూటరుకు ఉండాల్సిన చిరునామా, ఆలస్యంగా వచ్చే ఇబ్బంది నిజంగానే పోతుంది. పైగా ఇదే పని ఇంకొకతను చేయడం, దాని ఫలితం ఇంతకుముందు చూసి ఉన్నాను. అతను అలా చేయడానికి సగం కారణం నేనే. "ఎస్‌టీపీ ఆపేయొద్దురా బాబూ" అని చెప్పే పోస్టులు బోలెడున్నాయి. నేను చెప్పదలుచుకున్నది వేరు. దాన్ని ఆపేసేవాళ్ళ తప్పు చిన్నది. స్విచ్చును అట్టపెట్టెలోంచి తీసి, ర్యాకులో బిగించి, లోపల ఒక్క లైను కూడా మార్చకుండా బిల్లు తీసుకుని వచ్చేసే నాలాంటివాళ్ళ తప్పు పెద్దది.

లెక్కలేని ప్రదక్షిణ

గుడి చుట్టూ తిరిగేవాడు లెక్క పెట్టుకుంటాడు. మూడో, పదకొండో, మొక్కు గట్టిదైతే నూట ఎనిమిదో. లెక్క పూర్తయితే ఆగి దండం పెట్టుకుంటాడు. ఐపీ ప్యాకెట్టుకు కూడా అలాంటి లెక్క ఉంది. రూటరు దాటినప్పుడల్లా అందులోని టీటీఎల్ అనే అంకె ఒకటి తగ్గుతుంది, సున్నాకు వస్తే దాని పని అయిపోయినట్టే. స్విచ్చుల మధ్య తిరిగే డేటా మూటకు, అంటే ఈథర్నెట్ ఫ్రేముకు, మాత్రం ఎవరూ ఆ లెక్క ఇవ్వలేదు. అందరికీ అని పంపిన బ్రాడ్‌కాస్ట్ ఫ్రేము వస్తే స్విచ్చు దాన్ని వచ్చిన పోర్టు తప్ప మిగతా అన్ని పోర్టుల్లోకీ పంపిస్తుంది. దారి గుండ్రంగా ఉంటే ఆ కాపీ తిరిగి తిరిగి మొదటి చోటికే వస్తుంది, మళ్ళీ కాపీలవుతుంది. ఒక గిగాబిట్ లైన్లో 64 బైట్ల ఫ్రేములు సెకనుకు 14,88,095 పడతాయి. ఆ జాగా నిండేదాకా ప్రదక్షిణ ఆగదు. నిండాక కూడా ఆగదు.

1985లో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్‌లో పనిచేస్తున్న రేడియా పెర్ల్‌మన్ దీనికి కనిపెట్టిన ఉపాయం వినడానికి చాలా చిన్నది. స్విచ్చులన్నీ ఒకదాన్నొకటి పలకరించుకుంటాయి. అందరిలోకీ తక్కువ నంబరున్నది రూట్, అంటే చెట్టుకు వేరు, అవుతుంది. మిగతావన్నీ తమకు రూట్ వైపు ఏది దగ్గర దారో అది ఒక్కటి ఎంచుకుంటాయి. లూపు అయ్యే దారి ఏదైనా ఉంటే ఒక కొస మూసుకుంటుంది. పది స్విచ్చులుంటే తొమ్మిది దారులే తెరిచి ఉంటాయి, చెట్టు కొమ్మల్లాగా. మూసుకున్న పోర్టు చచ్చిపోదు. రెండు సెకన్లకొకసారి వచ్చే పలకరింపు వింటూ కూర్చుంటుంది. ఆ పలకరింపు పేరు బీపీడీయూ. దాని గురించి తర్వాత మళ్ళీ మాట్లాడాలి.

కరెస్పాండెంట్ గారి రెండు రోడ్లు

2019 చివర్లో తిరుపతిలో ఒక కాలేజీకి ఫైబర్ లాగాం. పేరు వద్దు. మెయిన్ బ్లాకు, ల్యాబ్ బ్లాకు, హాస్టలు. మెయిన్ నుంచి ల్యాబుకు ఒక లైను, మెయిన్ నుంచి హాస్టలుకు ఒకటి, ల్యాబు నుంచి హాస్టలుకు ఇంకొకటి. త్రికోణం. ఏ ఒక్కటి తెగినా మిగతా రెండింటితో బండి నడుస్తుంది. మెయిన్, ల్యాబుల మధ్య గిగాబిట్. హాస్టల్లో వాళ్ళ దగ్గరున్న పాత 100 ఎంబీపీఎస్ స్విచ్చునే, మీడియా కన్వర్టర్లు (ఫైబర్‌ను మామూలు కేబుల్‌కు కలిపే చిన్న పెట్టెలు) పెట్టి, కలిపేశాం. కొత్తది కొనమంటే "పిల్లోళ్ళు సినిమాలు చూసేదానికి గిగాబిట్ ఎందుకప్పా" అన్నారు కరెస్పాండెంట్ గారు. అదీ న్యాయమే.

పని అయ్యాక ఆయన సర్వర్ రూముకు వచ్చారు. లైట్లన్నీ పచ్చగా మెరుస్తుంటే ఒకటి మాత్రం ఆరెంజ్‌లో ఉంది. "అదేంది?" అన్నారు. "ఆ దారి మూసి పెట్టింది సార్. ఇంకోటి తెగితే అది తెరుచుకుంటుంది" అన్నాను.

"మూసిన దారికి డబ్బులెందుకప్పా నాకు? కొండకు రెండు రోడ్లుండాయి. ఒకదాంట్లో ఎక్కతారు, ఒకదాంట్లో దిగతారు. దేవస్థానమోళ్ళు ఒకటి మూసి పెట్టుకున్నారా?"

నాకు భలే హుషారొచ్చింది. "బస్సుకు డ్రైవరున్నాడు కాబట్టి సరిపోయింది సార్. అదే అలిపిరి దగ్గర ప్రతి బస్సునూ జిరాక్సు తీసి రెండు రోడ్లకూ ఒక్కొక్కటి తోలారనుకోండి. ఇందులో ఎక్కింది పైకిపోయి అందులో దిగుతుంది, అందులో ఎక్కింది ఇందులో దిగుతుంది. రెండూ అలిపిరికి రాగానే మళ్ళీ జిరాక్సు. సాయంత్రానికి కొండమీద చీమ దూరే సందుండదు" అన్నాను. ఆయన నవ్వారు కానీ ఒప్పుకున్నట్టు కనబడలేదు. 2021 డిసెంబరులో రెండో ఘాట్ రోడ్డు మీద కొండచరియలు పడి, వాహనాలను మొదటి రోడ్డు మీదికి మళ్ళించినప్పుడు నేనే ఫోన్ చేసి "చూశారా సార్, ఇంకో దారి ఉంది కాబట్టి సరిపోయింది" అన్నాను. ఎంత అతి తెలివి!

ఆ ఆరెంజ్ లైటు విషయంలో నాకు రెండేళ్ళకు పైగా తట్టని మాట ఒకటుంది. మూసుకున్నది ల్యాబు, హాస్టళ్ళ మధ్య లైను అని నేననుకున్నాను. అదే కదా మూయాల్సింది, అన్నిటికంటే అవసరం తక్కువది అదే. కానీ ఆ లైను కొసలు ఒకటి ల్యాబులో ఉంది, ఇంకొకటి హాస్టల్లో ఉంది. సర్వర్ రూములో లేనే లేదు. మరి నా ఎదుట వెలిగే ఆరెంజ్ లైటు ఏ దారిది?

తీగ తెగితే స్పీడు పెరిగింది

మొదటినుంచీ ల్యాబు వాళ్ళకు ఒక ఫిర్యాదు ఉండేది. సర్వర్లోంచి ఏది తెరిచినా నత్తనడక. నేను ర్యామ్ మీదికి, యాంటీవైరస్ మీదికి, ఆఖరికి పిల్లల పెన్‌డ్రైవ్‌ల మీదికి నెట్టేశాను.

2022 మొదట్లో మంచినీళ్ళ పైపు కోసం ల్యాబుకు, హాస్టలుకు మధ్య కాలువ తవ్వుతూ జేసీబీ వాడు ఫైబర్ తెంపేశాడు. ఎవరికీ తెలియలేదు. నిమిషం లోపలే స్విచ్చులు దారి మార్చుకున్నాయి కాబట్టి తెలియాల్సిన అవసరం రాలేదు. సరిగ్గా ఆ వారంలోనే వాళ్ళు కొత్తగా పెట్టుకున్న టెక్నీషియన్, పొద్దున్నే సిస్టాలకు ఐపీ ఆలస్యమవుతోందని వెతికి వెతికి, మూడు స్విచ్చుల్లోనూ ఎస్‌టీపీ ఆపేశాడు. ఐపీ చటుక్కున వస్తోంది, దాంతోపాటు ల్యాబు స్పీడు కూడా అమాంతం పెరిగింది. ర్యాకులో లైట్లన్నీ పచ్చగా అయిపోయాయి. కరెస్పాండెంట్ గారు నాకు ఫోన్ చేసి, కోపంగా కూడా కాదు, జాలిగా అన్నారు: "నువ్వు పెట్టిందాన్ని తీసేస్తే సరిపోయిందప్పా."

నెలల తర్వాత, వేసవి సెలవుల్లో, ల్యాబు–హాస్టలు ఫైబర్‌లో లైటు రావడం లేదని ఎవరో గమనించారు. తెగిన ఫైబర్ అతికించే స్ప్లైసింగ్ అతన్ని పిలిపించారు. అతను పొద్దున పదకొండుకల్లా అతికించాడు, కన్వర్టర్లో లింకు లైటు వెలిగింది, సామాను సర్దుకుని డబ్బులు తీసుకుని పోయాడు. అతని పని నూటికి నూరుపాళ్ళు సవ్యం. అతను గేటు దాటేసరికి కాలేజీ మొత్తం పడిపోయింది. అడ్మిషన్ల రోజులు. ఆఫీసు ముందు తల్లిదండ్రులు క్యూలో నిలబడి ఉన్నారు.

నేను వెళ్ళేసరికి స్విచ్చుల లైట్లు ఆగి ఆగి మెరవడం మానేసి, గట్టిగా వెలిగిపోతున్నాయి. ల్యాప్‌టాప్‌తో నెట్‌వర్క్ మీదుగా లోపలికి పోదామంటే స్విచ్చు పలకడం లేదు. కన్సోల్ కేబుల్ పెట్టాల్సి వచ్చింది. అక్కడ లాగ్ పరుగెడుతోంది: ప్రిన్సిపాల్ గది కంప్యూటరు 3వ పోర్టులో ఉందంటుంది, మరుక్షణం 23లో ఉందంటుంది, మళ్ళీ 24లో ఉందంటుంది. ఒకే మనిషిని ఒకే నిమిషంలో రేణిగుంటలో చూశామని ఒకరు, చంద్రగిరిలో చూశామని ఇంకొకరు ఫోన్ చేస్తుంటే పోలీసు స్టేషన్లో రైటరు ఏం రాసుకుంటాడు? స్విచ్చు పరిస్థితీ అదే. 24లోంచి హాస్టలు తీగ లాగాను. రెండు సెకన్లలో లైట్లు మామూలుగా కొట్టుకోవడం మొదలుపెట్టాయి.

తీగ బయటే ఉంచి, మూడింటిలోనూ ఎస్‌టీపీ తిరిగి ఆన్ చేసి, అప్పుడు తీగ పెట్టాను. ఇంతలో ఎందుకో, రెండున్నరేళ్ళలో మొదటిసారి, రూట్ ఎవరో చూద్దామనిపించింది.

రూట్ హాస్టలు స్విచ్చు!

అర్థమయ్యేసరికి కూర్చోవాల్సి వచ్చింది. రూట్‌ను తేల్చే నంబరులో ముందు చూసేది ప్రయారిటీ. అన్నింటికీ అది ఫ్యాక్టరీలో పెట్టిన 32768 అలాగే ఉంది. ప్రయారిటీ సమానమైతే మాక్ అడ్రసు, అంటే తయారీలోనే స్విచ్చుకు ఇచ్చే నంబరు, తక్కువున్నది గెలుస్తుంది. ఒకే కంపెనీ సరుకైతే పాతదానికే తక్కువ నంబరు ఉండడం మామూలు. అంటే ఎవరూ ఏమీ చెప్పకపోతే, ఇంట్లో అందరికంటే ముసలి స్విచ్చే పెద్దరికం చేస్తుంది. మూడింటిలో ముసలిది వార్డెన్ గదిలో, బీరువా మీద ఉంది. వెచ్చగా ఉంటుందని వార్డెన్ దాని మీద తువ్వాలు ఆరేసుకునేవాడు. అది రూట్ అయ్యాక లెక్క తేలికే. ఎస్‌టీపీ లెక్కలో 100 ఎంబీపీఎస్ లైనుకు ఖర్చు 19, గిగాబిట్‌కు 4; మొత్తం ఎటు తక్కువైతే అదే దగ్గర దారి. మెయిన్ నుంచి హాస్టలుకు నేరుగా 19, ల్యాబు మీదుగా పోతే 23. ల్యాబు నుంచి కూడా అంతే. ఇద్దరూ నేరు దారే ఎంచుకున్నారు. మిగిలింది మెయిన్–ల్యాబు మధ్య గిగాబిట్ లైను. దాన్నే మూసేసుకున్నాయి. ల్యాబులో పిల్లవాడు పక్క బ్లాకులోని సర్వర్‌ను అడిగిన ప్రతి ఫైలూ రెండేళ్ళకు పైగా వార్డెన్ తువ్వాలు కిందుగా, 100 ఎంబీపీఎస్ మీద వచ్చింది.

ఫైబర్ తెగాక గిగాబిట్ దారి తెరుచుకుంది. స్పీడు పెరిగింది అందుకు. ఎస్‌టీపీ తీసేసినందుకు కాదు. కానీ ఆ టెక్నీషియన్‌కు అది ఎలా తెలుస్తుంది? కళ్ళముందు జరిగింది చూసి ఎవరైనా ఆ మాటే అంటారు. ఇక కరెస్పాండెంట్ గారి ప్రశ్న, "మూసిన దారికి డబ్బులెందుకు" అన్నది, అంత తెలివితక్కువదేం కాదు. ఆయన డబ్బులు పెట్టిన మంచి దారే మూసి ఉంది. నేను జిరాక్సు బస్సుల కథ చెప్పి వచ్చేశాను.

మెయిన్ స్విచ్చుకు ప్రయారిటీ 4096, ల్యాబుకు 8192 పెట్టాను. రెండు కమాండ్లు. ఆరెంజ్ లైటు సర్వర్ రూములోంచి వార్డెన్ గదికి పోయింది.

ఆ రెండు కమాండ్లు 2019లోనే ఎందుకు పెట్టలేదంటే నిజాయితీగా చెప్పగలిగిన జవాబు ఒకటే. కొటేషన్లో వాటికి లైను లేదు. మన దగ్గర పాయింటుకు ఇంత, మీటరుకు ఇంత, ర్యాకుకు ఇంత. కాన్ఫిగరేషన్ అనేది కొసరు. కొసరుగా ఇచ్చేదాన్ని ఎవరూ కాటాలో పెట్టి చూడరు, ఇచ్చేవాడితో సహా.

అవతలివాళ్ళ మాటలు

ఇంత చెప్పాక, ఎస్‌టీపీ అంటే పడనివాళ్ళను కొట్టిపారేయలేను. వాళ్ళ మాటల్లో బలమైనవి ఉన్నాయి.

ముప్ఫై సెకన్ల సంగతి నిజం. పాత పద్ధతిలో పోర్టు లేవగానే 15 సెకన్లు వింటుంది, ఇంకో 15 సెకన్లు నేర్చుకుంటుంది, ఆ తర్వాతే దారి వదులుతుంది. ఈలోపు కంప్యూటరు ఐపీ అడిగి అడిగి విసిగిపోతుంది. చిత్తూరు కుర్రాడి తలనొప్పి ఇదే. దీనికి మందు కంప్యూటర్లున్న పోర్టులకు మాత్రం పోర్ట్‌ఫాస్ట్ (ఈ ఎదురుచూపు లేకుండా వెంటనే దారి వదిలే సెట్టింగు) పెట్టి, దానితోపాటు బీపీడీయూ గార్డ్ (ఆ పోర్టులో ఇంకో స్విచ్చు పలకరింపు వినబడితే దాన్ని మూసేసేది) కూడా పెట్టడం. 2001లో వచ్చిన ర్యాపిడ్ స్పానింగ్ ట్రీ అయితే స్విచ్చుల మధ్య ఈ ఎదురుచూపు కూడా చాలామటుకు తీసేసింది. గార్డ్ పెట్టాక ఎవరైనా సార్ తన టేబుల్ కింద ఇంకో స్విచ్చు తగిలిస్తే పోర్టు మూసుకుపోతుంది, ఆయన అరుస్తారు, మనవాడు బెదిరి గార్డ్ తీసేస్తాడు. ఆ కథ వేరే పోస్టుకు.

రెండు స్విచ్చుల మధ్యే రెండు తీగలుంటే వాటిని ఎల్‌ఏసీపీ అనే పద్ధతితో ఒకే కట్టగా కట్టి రెండూ వాడుకోవచ్చు. కరెస్పాండెంట్ గారి ఘాట్ రోడ్ల మాటకు అసలు జవాబు అదే. నాకు అప్పుడు తట్టలేదు.

ఇంకా పెద్ద మాట పెర్ల్‌మన్‌దే. అసలు చేయాల్సింది రూటింగ్ (చిరునామా చూసి రూటర్లు దారి ఎంచుకోవడం), జనం రూటింగ్ పొర లేకుండా కట్టేసుకున్నందుకు దీన్ని కనిపెట్టాల్సి వచ్చింది అన్నది ఆమె ఎన్నోసార్లు చెప్పిన మాట. ఆ తర్వాత దీని స్థానంలోకి రావాలని ట్రిల్ అనే పద్ధతి మీద పనిచేసింది కూడా ఆమే. 2011లో అది ప్రమాణంగా వెలువడింది. పెద్ద డేటా సెంటర్లు రూటింగ్ వైపు వెళ్ళిపోయాయి. కనిపెట్టిన మనిషే అటుంటే నేనేం వాదించను?

నన్ను నిజంగా భయపెట్టేది ఇవేవీ కావు. మూసిన పోర్టు పలకరింపు వింటూ కూర్చుంటుందన్నాను కదా. 20 సెకన్లు ఆ పలకరింపు వినబడకపోతే అవతలివాడు పోయాడని అనుకుని అది దారి తెరవడం మొదలుపెడుతుంది. అవతలివాడు పోలేదు, ఫైబర్ ఒకవైపే పనిచేయడం లేదు, లేదా స్విచ్చు ఊపిరాడక పలకరించలేకపోయింది అనుకోండి. అప్పుడు కూడా తెరుస్తుంది. కాపలావాడు కునుకు తీస్తే తెరుచుకునే గేటు ఇది. దీనికి లూప్ గార్డ్ (పలకరింపు ఆగిపోయినా దారి తెరవనివ్వనిది) లాంటివి తర్వాత వచ్చాయి, కానీ స్వభావం స్వభావమే. 2002 నవంబరులో బోస్టన్‌లోని బెత్ ఇజ్రాయెల్ డీకనెస్ ఆసుపత్రిలో నెట్‌వర్క్ కూలిపోయి, రోజుల తరబడి పనంతా కాగితాల మీద నడిపారు. అంచెలంచెలుగా స్విచ్చులు కలుపుకుంటూ పోయి, స్పానింగ్ ట్రీ టైమర్లు తట్టుకునే ఏడు అంచెల హద్దు దాటేశారు. అక్కడ ఎస్‌టీపీ ఆన్‌లోనే ఉంది. వాళ్ళ ఐటీ అధిపతి జాన్ హలమ్కా ఆ సంగతి దాచుకోకుండా బయటకు చెప్పాడు కాబట్టి మనకు తెలిసింది.

అయినా నేను ఇటే ఎందుకున్నానంటే, తిరుపతిలో, చిత్తూరులో నేను చూసే చోట్ల ఎస్‌టీపీ తీసేసి దాని బదులు ట్రిల్ ఎవరూ పెట్టడం లేదు. దాని బదులు ఏమీ పెట్టడం లేదు. నేల మీద తీగ కొస కనబడితే దేంట్లోనో ఒకదాంట్లో గుచ్చకుండా ఉండలేని మంచివాళ్ళు ప్రతి ఆఫీసులోనూ ఉంటారు. ఒక ల్యాబ్ అటెండరు నాతో అన్నాడు, "ఊరికే పడుండాది సార్, పాపం అని గోడలో పెట్టినా" అని. ఆ తీగ రెండో కొస కూడా అదే గోడలోనే ఉంది. డేటా సెంటర్లో ఈ మనిషి ఉండడు.

చిత్తూరు కుర్రాడికి ఇదంతా చెప్పలేదు. "సాయంత్రం అందరూ పోయాక మళ్ళీ ఆన్ చెయ్. కంప్యూటర్ల పోర్టులకు పోర్ట్‌ఫాస్ట్ పెట్టు. ఆ తర్వాత రూట్ ఎవరో చూసి ఫోటో పంపు" అన్నాను. ఎనిమిదింటికి ఫోటో వచ్చింది. ప్రయారిటీ 32768, కింద ఒక మాక్ అడ్రసు, రూట్ పోర్టు 7.

"ఏ స్విచ్చురా అది?"

"అదే న్నా నాకూ తెలీలా. నా లిస్టులో ఉండే ఆరింటిలో దేని నంబరూ కాదు."

ఏడో పోర్టు తీగ ర్యాకు వెనకనుంచి ఫాల్స్ సీలింగ్‌లోకి పోయిందట. అక్కణ్ణుంచి ఎటు పోయిందో ఎవరికీ తెలియదు. ఈ ఆదివారం టార్చిలైటు తీసుకుని చిత్తూరు పోతున్నాను. నిచ్చెన వాడు చూసి పెడతానన్నాడు.